కోయకుండా వదిలిన గాజుపూస

నోయిడాలో ఆఫీసు క్యాబ్ ఎక్కి కూర్చున్నాక మాస్టారి భార్య శారదమ్మ గారి నుంచి ఫోన్ వచ్చింది. "శ్రీధర్, మాస్టారు వెళ్లిపోయారు నాయనా" అన్నారామె. పక్క సీట్లలో వాళ్లు క్రికెట్ గురించి వాదించుకుంటున్నారు. నేను క్యాబ్ ఆపించి దిగాను. ఎటు నడవాలో తోచక రోడ్డు పక్కన అలాగే నిలబడ్డాను. ఆయన గుండె బలహీనపడిందని తెలుసు. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చారని, కోలుకుంటున్నారని కూడా తెలుసు. అంతకు ముందు ఆదివారమే ఆయన పక్కన కూర్చుని భోజనం చేశాను. తెలిసిన సంగతులన్నీ ఒక వరుసలో పెట్టుకుని చూసినా, ఈ వార్తకు నా మనసు సిద్ధంగా లేదు.

డాక్టర్ తాడికొండ పాండురంగం గారు భూగర్భ శాస్త్రవేత్త. గుంటూరు ప్రాంతం నుంచి వచ్చి, ఉద్యోగ జీవితమంతా ఢిల్లీలో ఒక ప్రభుత్వ పరిశోధనశాలలో గడిపారు. ఇక్కడి తెలుగువాళ్లలో ఆయనను ఎరిగినవారు చాలామందే ఉన్నారు. ఉగాది సభల్లో చివరి వరుసలో కూర్చునే, సన్నగా పొడుగ్గా ఉండే పెద్దమనిషిగా వాళ్లకు గుర్తుండి ఉంటారు. ఆయన ఏం చేసేవారని అడిగితే మాత్రం "చంద్రుడి మీద ఏదో పరిశోధనట" అనేవారే ఎక్కువ. ఆ 'ఏదో' ఏమిటో, అందులో ఆయన దేన్ని సంపాదించి దేన్ని వదులుకున్నారో ఆయన పరిశోధక విద్యార్థిగా దగ్గరుండి చూసినవాణ్ణి గనుక ఈ నాలుగు మాటలు రాయడం నా విధి అనుకుంటున్నాను.

చంద్రుని మీద గాలి లేదు. అందువల్ల ఆకాశం నుంచి రాలే ఉల్క మధ్యలో మండిపోదు. ఇసుక రేణువంతదైనా సరే, వచ్చిన వేగంతోనే నేలను తాకుతుంది. కోట్ల సంవత్సరాలుగా ఆ దెబ్బలు తిని తిని అక్కడి రాయి మట్టి అయింది. ఆ మట్టిలో ఉల్కలు ఏమేం వదిలిపోతాయో మాస్టారు చిటికెనవేలితో మొదలుపెట్టి వేళ్లు మడుస్తూ చెప్పేవారు. పగిలిన రాతి ముక్కలు. దెబ్బ వేడికి కరిగి పైకి చిమ్మి, కిందపడేలోగా గట్టిపడిన గాజుపూసలు. కరిగిన గాజు చుట్టూ ఉన్న మట్టిని పట్టుకుని గడ్డకట్టిన అతుకుల ముద్దలు. తుప్పు ఎరగని ఇనుప రేణువులు. బొటనవేలు దగ్గరికి వచ్చేసరికి ఒక క్షణం ఆగేవారు. "ఇది దెబ్బ గుర్తు. పూస మీద మళ్లీ ఇంకో ధూళి కణం వచ్చి కొడితే పడే గుంట. మామూలు సూక్ష్మదర్శినికి కూడా దొరకదు. భూమ్మీద ఇలాంటిది పడదు, మనల్ని గాలి కాస్తుంది కనక" అనేవారు.

అతుకుల ముద్ద అంటే ఏమిటో నాకు నిజంగా అర్థమైంది అశోకా రోడ్డులో తెలుగు భోజనం పెట్టే క్యాంటీన్‌లో. అప్పట్లో నేను లక్ష్మీ నగర్‌లో కిటికీ లేని అద్దె గదిలో ఉండేవాణ్ణి. నెలకో ఆదివారం మాస్టారు నన్ను ఆంధ్రా భోజనానికి తీసుకువెళ్లేవారు. ఒకసారి విస్తట్లో కందిపొడి వడ్డించుకుని, పలచగా పరిచి, చెంచా ఎత్తి పట్టుకుని వేడి నెయ్యి ఒక్క చుక్క వదిలారు. చుక్క పొడిలోకి దిగి చిన్న ఉండ అయింది. దాన్ని వేలికొసన పైకెత్తి "చూశావా, నెయ్యి కరిగిన గాజు, పొడి మట్టి. విడదీయి చూద్దాం, ఏది ఏదో" అన్నారు. అన్నం గిన్నెతో వచ్చిన మనిషి "అన్నం పెట్టమంటారా సార్?" అని అడిగాడు. "ఆగవయ్యా, చంద్రుడు ఇంకా చల్లారలేదు" అన్నారు మాస్టారు. ఆ మనిషి ఏమీ ఆశ్చర్యపోకుండా పక్క బల్లకు వెళ్లాడు. మాస్టారికి ఇది అలవాటేనని అప్పుడు తెలిసింది.

పనిలో ఆయన శుచి ఆచారపరుల మడికి తీసిపోయేది కాదు. నేను చేరిన రోజున ఇస్త్రీ చొక్కా వేసుకుని, మెడకు పౌడర్ రాసుకుని వెళ్లాను. తలుపు దగ్గరే ఆపారు.

"ఏవోయ్, పౌడర్ రాసుకొచ్చావా?"

"ఎండ బాగా కొడుతున్నది సార్."

"అది టాల్కు. మెత్తటి రాయి. చంద్రుడి మీద టాల్కు గని కనిపెడదామనా నీ ఉద్దేశం?"

మెడ కడుక్కుని రమ్మని పంపారు. కడుక్కుని వస్తే, చొక్కా కాలరు చూసి ఇంటికే పంపారు. విభూతి, కుంకుమ, అగరుబత్తి పొగ, సుద్దముక్క, ఉంగరాలు, ఉన్ని స్వెట్టర్లు ఆయన గది గడప దాటి రాకూడదు. చంద్రుని నుంచి తెచ్చిన మట్టిలో ఒక చిటికెడు, విదేశం నుంచి పరిశోధన కోసం అరువుగా ఆ గదికి వచ్చింది. అది మన మట్టి కాదు, తిరిగి ఇవ్వవలసినది అన్న స్పృహ ఆయన నడకలో కూడా ఉండేది.

ఆ చిటికెడులోంచి ఒక్కొక్క రేణువును ఏరడానికి ఆయన వాడిన పనిముట్టు కనురెప్ప వెంట్రుక. పట్టకారు రేణువును గీస్తుంది, కుంచె రెండింటిని కలిపి ఎత్తుతుంది. సన్నని పుల్ల చివర వెంట్రుక అతికిస్తే గింజ దానంతట అది అంటుకుని లేస్తుంది. ఆ వెంట్రుకలు శారదమ్మ గారివి. రాలినప్పుడల్లా ఆమె చిన్న సీసాలో వేసి ఉంచేవారు. నేను మొదటిసారి వాళ్లింటికి వెళ్లినప్పుడు ఆ సీసా చూపించి, "పెళ్లయిన కొత్తలో నీ కళ్లు బావున్నాయి అన్నారు నాయనా. ఎందుకన్నారో ఇప్పుడు తెలిసింది" అన్నారామె. మాస్టారు తల ఎత్తకుండానే, "అప్పుడూ అబద్ధం చెప్పలేదు, ఇప్పుడూ చెప్పటంలేదు" అన్నారు.

ఇక అసలు సంగతికి వస్తాను. ఆయన పదవీ విరమణకు ఏడాది ముందు, చలికాలంలో, ఆ మట్టిలో ఏడు గాజుపూసలు దొరికాయి. పొటాషియం, సిలికా అసాధారణంగా ఎక్కువగా ఉన్న పూసలు. చంద్రుని మీద గ్రానైటు జాతి రాయి చాలా అరుదు. అలాంటి గాజు మట్టిలో ఉందంటే, ఎక్కడో ఒక ఉల్క ఆ రాతిని కొట్టి కరిగించిందని అర్థం. ఒక్క చిటికెడులో ఏడు దొరకడం మా ఊహకు మించినది. విభాగాధిపతి స్వయంగా గదికి వచ్చి అభినందించారు. విరమణ తరువాత కూడా మాస్టారిని కొనసాగించి, ఆ ప్రయోగశాలను నిలుపుతామని మాట ఇచ్చారు. పరిశోధన పత్రం పంపాం, అచ్చుకు అంగీకరించారు. ఆ పూసలు నిలిస్తే ఆయన గది నిలుస్తుంది, నా థీసిస్‌లో ముఖ్యమైన అధ్యాయం నిలుస్తుంది, ముప్ఫై ఏళ్లుగా ఎవరి కంటా పడని పనికి ఒక గుర్తింపు నిలుస్తుంది. ఆయన వేరే ఏ ఆవిష్కరణా చేయలేదు. ఇక చేసే వ్యవధి కూడా లేదు.

ఏప్రిల్ నెల ఒక ఆదివారం. నోయిడాలో వాళ్ల అపార్ట్‌మెంటులో కూర్చుని ఇద్దరమూ అచ్చు ప్రతులు దిద్దుతున్నాం. మేడమీద ఎండబెట్టిన సగ్గుబియ్యం వడియాల పళ్లెం పట్టుకుని శారదమ్మ గారు వచ్చారు.

"ఏవండీ, ఇది చూడండి. పొద్దున మల్లెపూవుల్లా పెట్టాను. ఆవాలు చల్లినట్టయ్యాయి."

"ఢిల్లీ దుమ్ము. దులుపు."

"దులిపితే పోదండీ, అతుక్కుంది. చేతికి సన్నగా గరగరమంటోంది."

మాస్టారు పెన్ను కింద పెట్టారు. ఒక వడియం తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లి, జేబులోని భూతద్దంతో చాలాసేపు చూశారు. కాగితంలో చుట్టి సంచిలో పెట్టుకున్నారు.

"పచ్చిదండీ అది, వేయించి ఇస్తాను."

"తినటానికి కాదు శారదా."

"తెలుసు లెండి. మీరు ఏదైనా తినటానికి తీసుకుంటే కదా" అంటూ ఆమె పళ్లెం తీసుకుని వెళ్లిపోయారు.

మర్నాడు ఆ వడియాన్ని నీళ్లలో కరిగించి, అడుగున పేరుకున్న నలుసులను పరీక్షించాం. వాటిలో గుండ్రని గాజుపూసలు ఉన్నాయి. సిలికా ఉంది, పొటాషియం ఉంది. మేము చంద్రుని గ్రానైటు అని రాసిన పాళ్లకు చాలా దగ్గరగా ఉన్నాయి. యమునకు అటూ ఇటూ బొగ్గు మండించే విద్యుత్ కేంద్రాలు ఉన్నాయి. బొగ్గులో కలిసిన బంకమట్టి కొలిమి వేడికి కరుగుతుంది, పొగతో పైకి లేచి గాలిలోనే పూసగా గట్టిపడుతుంది. ఉల్క దెబ్బకు జరిగేదే ఇక్కడ చిమ్నీలో జరుగుతున్నది. మా గదిలో శుభ్రమైన గాలిని ఊదే బల్ల చలికాలంలో చెడిపోయి, బాగుచేసేవాళ్లు రాక కొన్ని వారాలు మూలపడింది. ఆ వారాల్లో గాజు మూత కింద పని సాగించాం. మూత తీసి వేసే సందులో నగరం లోపలికి వచ్చింది.

మాస్టారు కుర్చీలో వెనక్కి వాలి, "పక్కన ఖాళీ గిన్నె పెట్టాల్సింది. దాన్లో ఏం పడుతుందో చూసుకోవాల్సింది. వచ్చిన ప్రతి విద్యార్థికీ మొదటి రోజు చెప్పేది నేనే" అన్నారు. గొంతులో కోపం లేదు. కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ ఉండిపోయారు.

నేను వదల్లేదు. "పోలిక ఉన్నంత మాత్రాన అవే అని ఎట్లంటాం మాస్టారు? మనవి వేరే కావొచ్చు గదా."

"కావొచ్చు. ఆ కావొచ్చు మీద నువ్వూ నేనూ నిలబడగలం. రేపు మనల్ని నమ్మి దానిమీద లెక్క కట్టేవాణ్ణి కూడా నిలబెడదామా?"

విభాగాధిపతి పంజాబీ పెద్దమనిషి, మనసున్నవారే. పత్రం వెనక్కి తీసుకుంటానని మాస్టారు చెప్పినప్పుడు నేను పక్కనే ఉన్నాను. "అరే పాండురంగం జీ, పేపర్ ఛప్ రహా హై. ఆప్ కా పాపడ్ కౌన్ దేఖేగా?" అన్నారాయన. అచ్చవుతున్న పేపరును ఆపి మీ అప్పడాన్ని ఎవరు చూడబోతారని.

"పాపడ్ నహీ సర్, వడియం."

"ఏక్ హీ బాత్ హై."

"ఏక్ హీ బాత్ నహీ హై సర్. యహీ తో బాత్ హై" అన్నారు మాస్టారు. రెండూ ఒకటి కావు, మన చిక్కంతా అక్కడే అని. విభాగాధిపతి చివరికి, "ఠీక్ హై" అన్నారు. కొనసాగింపు మాట ఆ తరువాత ఎవరూ ఎత్తలేదు.

పత్రం వెనక్కి వచ్చింది. పూసలను ఒక్కొక్కటిగా జిగురులో దిగవేసి, సగానికి అరగదీసి, లోపల చూశాం. లోపలి ఇనుము గాలి తగిలి ఆక్సైడ్‌గా మారి ఉంది. చంద్రుని మీద అలా మారే వీలు లేదు. ఒకటి, రెండు, మూడు, అన్నీ అంతే. ఆరు పోయాయి. ప్రతి పూసకూ మాస్టారు తన చేత్తోనే "ఢిల్లీ" అని రాసి పక్కన పెట్టారు.

ఏడో దాన్ని అరగదీసే ముందు దాన్ని దొర్లించి రెండో వైపు చూడాలన్నారు. మొదట్లో టేపు మీద అతికించి ఒకవైపే చూశాం. ఊపిరి బిగబట్టి వెంట్రుక మొనతో పూసను తిప్పారు. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని తెర మీద దాని రెండో ముఖం వచ్చింది. అక్కడ ఒక గుంట ఉంది. "దెబ్బ గుర్తే మాస్టారు" అన్నాను. మాస్టారు మాత్రం వెంటనే ఒప్పుకోలేదు. బూడిద పూస మీద బుడగ పగిలినా గుంట పడుతుందని, దాని అంచు పలచగా, చదునుగా ఉంటుందని చెప్పి, తెర మీది బొమ్మను ఇంకా పెద్దది చేయమన్నారు. ఈ గుంట అంచు ఉబ్బి ఉంది. లోపల గాజు కరిగి పూత పూసినట్టుంది. చుట్టూ పెంకు లేచి పగుళ్లు సాగాయి. గాలి లేని చోట ధూళి కణం వచ్చి కొట్టిన గుర్తు అది. ఆయన తెర మీద వేలు ఆనించి, "వీడు అక్కడివాడు" అన్నారు.

ఒక్కటి మిగిలింది. గ్రానైటు గాజుగా దాన్ని రుజువు చేయగలిగితే ఆ ఒక్కటీ చాలు. చిక్కల్లా ఒకటే. పైపైన చూసిన కొలత ఉజ్జాయింపు మాత్రమే. లోపలి పాళ్లు కచ్చితంగా తేలాలంటే మా పరికరాలతో పూసను కోసి అరగదీయాలి. అంత చిన్న పూసను అరగదీస్తే గుంట మిగలదు. గుంట ఉంటే అది చంద్రునిదని తెలుస్తుంది, దేనితో అయిందో తెలియదు. కోస్తే దేనితో అయిందో తెలుస్తుంది, ఎక్కడిదో చెప్పే సాక్ష్యం పోతుంది.

"కోద్దాం మాస్టారు. గుంట ఫొటోలు మనదగ్గర ఉన్నాయి గదా."

"మన ఫొటోలు. ఆరుసార్లు పొరబడ్డవాళ్ల ఫొటోలు. మనల్ని నమ్మనివాడికి గింజ చేతిలో ఉండాలి శ్రీధర్."

"మీకు ఇంకా నాలుగు నెలలే ఉంది సార్."

"నాకు. గింజకి ఏం తొందర?"

అరువు మట్టితో పాటు ఆ పూసను కోయకుండా తిరిగి పంపేశారు. చంద్రుని గాజు ఏదో, నగరపు బూడిద గాజు ఏదో గుర్తుపట్టే పద్ధతి మీద నాలుగు పేజీల చిన్న వ్యాసం ప్రచురించారు. అందులో ఏడో పూస గురించి రెండే వాక్యాలు ఉన్నాయి. విరమణ రోజున సమోసాలు, టీ, ఒక గడియారం. ఆ తరువాతి వారం గది వేరే విభాగానికి వెళ్లింది. నా థీసిస్ ఒక అధ్యాయం తక్కువగా, ఒక ఏడాది ఆలస్యంగా పూర్తయింది. నేను నోయిడాలో ఫొటోలను విశ్లేషించే సాఫ్ట్‌వేరు రాసే పనిలో చేరాను. అప్పటికి మెట్రో నోయిడా దాకా రాలేదు. క్యాబ్ వాళ్ల వీధి మీదుగానే పోయేది కనుక తరచు దిగి ఆయనను చూసి వెళ్లేవాణ్ణి.

మన దేశం పంపిన వ్యోమనౌక విడిచిన పరికరాల పెట్టె చంద్రుని మీద పడిన రోజున ఒక టీవీ వాళ్లు ఆయన ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. అది అక్కడ ఏం వదులుతుందని అడిగారు. "ఒక గుంట, కాస్త గాజు, కాస్త మన లోహం. రేపు అక్కడికి వెళ్లేవాడు దాన్ని ఉల్క అని పొరబడకుండా ఉంటే చాలు" అన్నారాయన. ఆ మాట ప్రసారం కాలేదు. తనలో తాను నవ్వుకుని, "పూసకి తప్పిన కోత నా మాటకి పడింది" అన్నారు.

చివరి ఆదివారం భోజనాలయ్యాక నేను ఏడో పూస మాట ఎత్తాను. ఇప్పుడు సూదిమొన కన్నా సన్నని కిరణపుంజంతో, గుంట ముట్టుకోకుండా, పూస లోపలి సంగతి చెప్పగల యంత్రాలు వచ్చాయి. అవి ఉన్న చోటివాళ్లకు మనం రాద్దాం, మీ పేరు మీద అడుగుదాం అన్నాను. వద్దన్నారు. అరగంట వాదించాను.

"మనం అడగకూడదు. అది గ్రానైటు కావాలని మనకి కోరిక ఉంది. వేరే ఎవరో, ఏ కోరికా లేనివాడు చూడాలి."

"అట్లయితే ఎప్పటికీ ఎవరూ చూడకపోవచ్చు మాస్టారు. మీకు తెలుసుకోవాలని లేదా?"

ఆయన కిటికీ వైపు తిరిగారు. మెల్లగా, "లేదనుకుంటున్నావా?" అన్నారు. ఆ ప్రశ్నలో ఉన్నంత దప్పిక నేను మరే మనిషి గొంతులోనూ వినలేదు. అయినా రాయడానికి ఆయన ఒప్పుకోలేదు.

పదో రోజున బంధువులంతా వెళ్లాక శారదమ్మ గారు నన్ను కూర్చోమన్నారు. అంతవరకూ అడగనిది అడిగారు.

"శ్రీధర్, ఆయన కనిపెట్టిందంటూ ఏమైనా ఉన్నట్టా నాయనా, లేనట్టా?"

"ఉందమ్మా. అది ఏమిటో ఇంకా ఎవరికీ తెలియదు."

"ఆ ఏడోది పాడవకుండా ఉందిగా?"

"ఉంది. మాస్టారు పంపినట్టే ఉంది."

ఆమె తల ఊపారు. "అయితే ఆయన చెయ్యాల్సింది చేశారు" అని, మంచినీళ్లు తెస్తానని లోపలికి వెళ్లారు.

ఈ వ్యాసం చదివినవారు చివరికి ఆ పూస సంగతి ఏమైందని అడుగుతారు. తెలియదు. ఏదో ఒకనాడు దాన్ని చూడబోయేవారికి మాస్టారి పేరు తెలియకపోవచ్చు. చెరగని గుంట మాత్రం వాళ్లకు దొరుకుతుంది. తెలుసుకోవాలన్న కోరిక తనలో అంతగా మండుతున్నా, చేతిలో ఉన్నదాన్ని ముట్టుకోకుండా ఇంకొకరి కోసం ఉంచగలిగిన మనిషిని నేను ఒక్కరినే చూశాను. పాండురంగం గారికి నా సాష్టాంగ నమస్కారం. తొందరపడి చేయి చాచిన ప్రతిసారీ ఆపడానికి నాకు ఇక ఎవరూ లేరు.